తోటమాలి కట్టిన చెరువులు

శుక్రవారం: స్టో

స్టో తోటకు వెళ్లేవారు ఇప్పటికీ మొదట ఒక సత్రంలోకే అడుగుపెడతారు. పేరు న్యూ ఇన్. తోట చూడవచ్చే జనానికి బస కావాలని ఎస్టేటు యజమాని లార్డ్ కోబమ్ 1717లో కట్టించాడు. 1744కల్లా ఈ తోటకు అచ్చు గైడు కూడా వచ్చింది. ఇప్పుడు అదే సత్రంలో నేషనల్ ట్రస్ట్ అనే వారసత్వ సంరక్షణ సంస్థ వారు టికెట్లు ఇస్తున్నారు, టీ అమ్ముతున్నారు. డబ్బున్నవాడి పెరడు చూడటానికి జనం బారులు తీరడం నిన్న మొన్నటి అలవాటు కాదన్నమాట.

అమ్మాయి ఉండే మిల్టన్ కీన్స్ నుంచి ఇక్కడికి కారులో అరగంట ప్రయాణం. మే నెలాఖరు, సోమవారం కూడా సెలవే. అమ్మాయి, అల్లుడు, మేమిద్దరం బయల్దేరాం. లండన్ వింతలు పోయినసారే చూసేశాం కనుక ఈసారి ఎక్కడికి పోవాలో నేనే నిర్ణయించాను: లాన్సెలాట్ బ్రౌన్ తీర్చిదిద్దిన తోటలు నాలుగు, వరుసగా. "అన్నీ తోటలేనా?" అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. నా ఉద్యోగమంతా నీటిపారుదల శాఖలో, వరంగల్ జిల్లా చెరువు కట్టల మీద గడిచింది. నాకు కావలసింది పూలు కాదు. ఆ తోటల్లోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎక్కడికి పోతున్నాయి అన్నది చూడాలి. ఆ సంగతి మాత్రం ఆవిడకు చెప్పలేదు.

బ్రౌన్ 1716లో ఇంగ్లండ్ ఉత్తరపు కొసన, నార్తంబర్లాండ్‌లోని కర్క్‌హార్ల్ అనే పల్లెలో పుట్టాడు. పదహారేళ్ల దాకా చదువుకుని ఊరి జమీందారు తోటలో పనికి కుదిరాడు. 1741లో స్టోకు ప్రధాన తోటమాలిగా వచ్చేనాటికి ఇంకా పాతికేళ్లు నిండలేదు. జీతం ఏడాదికి 25 పౌన్లు. తర్వాతి కాలంలో ఏ దొర పిలిచినా గుర్రమెక్కి ఎస్టేటంతా ఒక చుట్టు చుట్టి, ఈ నేలకు బాగుపడే లక్షణం (కేపబిలిటీ) ఉందని అనేవాడట. ఆ ఊతపదంతోనే కేపబిలిటీ బ్రౌన్ అన్న పేరు స్థిరపడింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో నూట డెబ్బైకి పైగా ఎస్టేట్ల మీద అతని చెయ్యి పడిందంటారు.

సత్రం దాటి వాలు దిగగానే ఎదురుగా చెరువు, దాని అవతల పచ్చిక, ఆ పైన కొండంత మేడ. ఆ మేడ ఇప్పుడొక బడి. 1923 నుంచి అక్కడ పిల్లలు చదువుకుంటున్నారు. బ్రౌన్ రాకముందే ఈ తోటలో చార్లెస్ బ్రిడ్జ్‌మన్, వాన్‌బ్రూ, విలియమ్ కెంట్ వంటి ఉద్దండులు పని చేసి పెట్టారు. గుళ్లు, గోపురాలు, విజయ తోరణాలు ఎటు తిరిగినా కనిపిస్తాయి. ఒకచోట పదహారు మంది ఘనుల రాతి ప్రతిమలు వరుసగా ఉన్నాయి. షేక్‌స్పియర్, న్యూటన్, మొదటి ఎలిజబెత్ అందరూ ఉన్నారు. ఆ కట్టడం వెనక్కి వెళితే ఒక కుక్కకు స్మారకం చెక్కించి ఉంది. పేరు సిన్యోర్ ఫీడో. మా ఆవిడకు ఈ తోట మొత్తంలో నచ్చినది అదొక్కటే.

మేడకూ మేత బీళ్లకూ మధ్య ఎక్కడా కంచె లేదు. గొర్రెలు పచ్చికలోంచి నేరుగా మేడ మెట్లెక్కుతాయేమో అనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి చూస్తే కందకం. తోటవైపు నిట్టనిలువు గోడ, బీడువైపు వాలు. దూరం నుంచి చూసేవాడి కంటికి కందకం ఆనదు, గొర్రె మాత్రం దాటలేదు. దీన్ని హా-హా అంటారు. ఇంగ్లండ్‌లో దీన్ని మొదట్లో తవ్విన కొద్ది చోట్లలో స్టో ఒకటి, తవ్వించినవాడు బ్రిడ్జ్‌మన్. మేపేవాడి ఎస్టేటు, మేసే గొర్రె, చూసే దొర అంతా ఒకే పటంలో ఇమిడినట్టుంటుంది. అడ్డుగోడ మాత్రం ఉంది, కనబడదు. బ్రౌన్ ఈ ఉపాయాన్ని జీవితాంతం వాడుకున్నాడు.

అతని సొంత పని చూడాలంటే ఉత్తరపు మూలకు పోవాలి. గ్రీషియన్ వ్యాలీ అంటారు. చెట్ల అంచుల మధ్య మెత్తగా దిగి, ఒక పక్కకు ఒంపు తిరిగే పచ్చిక లోయ. పూల మొక్క ఒక్కటి లేదు, నీటి చుక్క లేదు. ఇందులో ఏముందని చాలామంది ఫోటో తీసుకుని వెనుదిరుగుతున్నారు. ఇది దేవుడు చేసిన లోయ కాదు. 1740ల చివరలో పారలతో, గుర్రపు బండ్లతో, ఒంటి చక్రపు తోపుడు బండ్లతో 23,500 ఘనపు గజాల మట్టి ఎత్తిపోసి చేసిన లోయ. మా లెక్కలో దాదాపు 18 వేల ఘనపు మీటర్లు. ఇవాళైతే రెండు పొక్లెయిన్లు, పది టిప్పర్లు పెట్టి కొద్ది రోజుల్లో ముగించవచ్చు. అప్పుడు ఎన్ని నడుములు వంగాయో! నేను లోయ అంచు వెంట నడిచి చూశాను. ఎక్కడ తవ్వారో, ఎక్కడ పోశారో ఆనవాలు లేదు. వాలు ఎక్కడా విరగలేదు. పని చేసిన జాడ చెరిపేయడమే పనిగా పెట్టుకున్న ఇంజనీరును నేను మొదటిసారి చూస్తున్నాను. మా శాఖలో పని అయ్యీ కాకముందే శిలాఫలకం లేస్తుంది.

లోయ కొసన గ్రీకు పద్ధతి గుడి ఒకటి ఉంది. ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిశాక దానికి సామరస్య విజయాల గుడి అని పేరు పెట్టారు. "ఎవరి మీద విజయం?" అంది అమ్మాయి. ఫ్రెంచివారి మీద. అల్లుడిది బందరు. అతనికి నేను చెప్పకుండా ఉండలేకపోయాను. ఈ గుడి పండగ చేసుకుంటున్న యుద్ధంలో ఒక ముక్క మన తీరంలోనే జరిగింది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేన ఓడింది. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ బందరు కోటను రాత్రివేళ ముట్టడించి పట్టుకున్నాడు. అతన్ని బెంగాల్ నుంచి పంపినవాడు రాబర్ట్ క్లైవ్. "బందరు కోటకు ఇక్కడ గుడి కట్టారా మామయ్యా?" అన్నాడు అల్లుడు, స్తంభాలకేసి చూస్తూ. ఆ స్తంభాలలో పదహారింటిని 1920లలో బడి ప్రార్థనాలయానికి పట్టుకుపోతే, 1990లలో మళ్లీ కొత్తవి చెక్కి నిలబెట్టారు.

తిరిగి వస్తుంటే చెట్ల నడుమ ఒక చిన్న చర్చి కనిపించింది. బ్రౌన్ 1744లో బ్రిడ్జెట్ వేయెట్‌ను పెళ్లాడింది ఈ చర్చిలోనే. చర్చి ఉంటే ఊరు ఉండాలి కదా అని చుట్టూ చూశాం. ఊరు లేదు. ఒకప్పుడు స్టో అనే గ్రామం ఇక్కడే ఉండేది, తోట పెరిగిన కొద్దీ అది మాయమైంది. చర్చిని తీయలేక చెట్లు పెంచి దాచారు. ముంపు గ్రామాల పునరావాసం మీద జీవితంలో ఎన్నో ఫైళ్లు చూసినవాణ్ని. ఇక్కడ నీళ్లు కూడా రాలేదు, చూపుకు అడ్డమని ఊరే పోయింది.

శనివారం: క్రూమ్

వూస్టర్‌షైర్‌లోని క్రూమ్ చేరేసరికి పదకొండయింది. ఈ నాలుగింటిలో ఒక్కటే చూసే తీరిక ఉందని ఎవరైనా అంటే నేను పంపేది ఇక్కడికే.

టికెట్ల గది చూసి మా ఆవిడ ఇది ఆస్పత్రిలా ఉందేమిటి అంది. నిజంగా ఆస్పత్రే. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఎస్టేటు నేల మీద డెఫర్డ్ వైమానిక స్థావరం ఉండేది. విమానాల్లో రాడార్ పరికరాలను రహస్యంగా పరీక్షించేవారు. ఆ స్థావరపు వైద్యశాల గదులే ఇప్పుడు యాత్రికుల ముఖద్వారం. అక్కడి నుంచి చెట్ల కింద నడుచుకుంటూ కొండ మీది చర్చి దాకా వెళితే, ఒక్కసారిగా కింద లోయ, లోయలో తేనెరంగు మేడ, దాని ముందు వంపులు తిరిగిన నది, అంతటి వెనుక మాల్వర్న్ కొండల వరుస. ఆ చర్చి కూడా ముందు మేడ పక్కనే ఉండేదట. చూపుకు అడ్డమని కూల్చేసి, కొండ మీద కొత్తది కట్టారు. బయటి రూపం బ్రౌన్‌ది, లోపలి నగిషీ రాబర్ట్ ఆడమ్‌ది. 1763లో ప్రార్థనలు మొదలయ్యాయి.

కోబమ్ 1749లో చనిపోయాడు. 1751లో బ్రౌన్ స్టో వదిలి సొంతంగా పని పట్టడం మొదలుపెట్టాడు. అదే ఏడు కవెంట్రీ వంశపు ఆరో ఎర్ల్ చేతికి క్రూమ్ వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ల యజమాని, ముప్పై అయిదేళ్ల తోటమాలి. మేడను తిరగగట్టమని, చుట్టూ నేలను సాపు చేయమని అన్నీ బ్రౌన్‌కే అప్పగించాడు. నేల ఎలాంటిదంటే ఉత్త బాడవ. సెవర్న్, ఏవన్ నదుల నడుమ పల్లంలో నీరు నిలిచిపోయే బంకమట్టి. ఇలాంటి చోట మేడ ఉండనిస్తే గోడలు చెమ్మెక్కుతాయి, పశువుల గిట్టలు కుళ్లుతాయి.

బ్రౌన్ ఏం చేశాడు? ముందు మురుగు కాలువలు వేశాడు. నేల కింద ఇటుక కమానులతో తూములు కట్టి, వాలంతటి నుంచి ఊట నీటిని పట్టి ఒకచోటికి చేర్చాడు. ఆ చేర్చిన నీళ్లే నది. మైలున్నరకు పైగా పొడవు, అంతా మనుషులు పారలతో తవ్వినదే. పై చివర వెడల్పుగా సరస్సు, అందులో లంకలు, లంక మీద మండపం, పక్కన కృత్రిమ గుహ. నేను ఒడ్డున ఒక ఎండుటాకు వేసి చాలాసేపు చూశాను. కదల్లేదు. గాలి వీచినప్పుడు మాత్రం వెనక్కి వచ్చింది. ఇది నది కాదు, నదిలా కనిపించే పొడవాటి చెరువు. ఆ మాటకొస్తే చెరువు కూడా కాదు, మురుగు నీటి పారుదల పథకం. పొలం ఎండబెట్టగా మిగిలిన నీళ్లను అందంగా ఒంపులు తిప్పి, పడవ వేసి, దొరగారిని అందులో కూర్చోబెట్టాడు. ఇంత తెలివైన ఖర్చు తగ్గింపు నేను ఎక్కడా చూడలేదు.

మా పాకాల చెరువు దగ్గర నిలబడితే కూడా ఇది మనిషి కట్టినదని ఎవరికీ తోచదు. గుట్టల మధ్య సహజంగా ఏర్పడిన సరస్సులా ఉంటుంది. కాకతీయుల కాలపు ఆ కట్ట మీద పెరిగిన చెట్లు దాన్ని కొండలో కలిపేశాయి. తేడా ఏమిటంటే పాకాల కింద ఆయకట్టు ఉంది, పంట ఉంది. క్రూమ్ నది కింద ఒక్క ఎకరం కూడా పారదు. నాకు మొదట చిరాకు వేసింది, దాచడం ఎందుకు. కాసేపు నడిచాక చిరాకు తగ్గింది. పారకపోయినా, బురద బాడవలో ఈ రోజు గొర్రెలు పొడి గిట్టలతో మేస్తున్నాయి, అది మటుకు పనే.

సరస్సు ఒడ్డున బ్రౌన్‌కు స్మారకం ఉంది. అతను పోయాక 1797లో ఆరో ఎర్ల్ పెట్టించాడు. సాటిలేని తన సృజన శక్తితో ఈ తోట దృశ్యాన్ని ఒక బురద గుంట నుంచి రూపొందించినవాడని రాయించాడు. యజమాని తన పనివాడి గురించి ఇంత సూటిగా రాయించిన శిలాఫలకం అరుదు. బురద గుంట అన్న మాట దాచకుండా చెక్కించాడు, నాకు అదే నచ్చింది.

మేడ లోపల సామాను పెద్దగా లేదు. ఆడమ్ అలంకరించిన బొమ్మల తివాచీల గది ఒకటి ఉండేది. తర్వాతి వారసులు దాన్ని గోడలతో సహా అమ్ముకుంటే, ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఎస్టేటు 1948లో చేతులు మారింది. కొన్నాళ్లు కేథలిక్ పిల్లల బడి నడిచింది. ఆ తర్వాతిది వినగానే మా ఆవిడకు ఒక్కసారి ప్రాణం లేచివచ్చింది: 1979 నుంచి 1984 దాకా ఈ మేడ హరే కృష్ణ భక్తులది. భోజనశాల పైకప్పు మీద, గోడల మీద సున్నపు లతలకు, పండ్లకు వారు వేసిన రంగులు అలాగే ఉన్నాయి. బంగారు పూత, గులాబి, ఆకుపచ్చ, నీలం. తెల్లగా ఉండవలసిన జార్జి రాజుల కాలపు నగిషీ మన కల్యాణ మండపంలా వెలిగిపోతోంది. నేషనల్ ట్రస్ట్ వారు చెరిపేయలేదు, అదీ చరిత్రేనన్నారు. "ఇన్ని గదుల్లో కడుపు నిండినట్టున్న గది ఇదొక్కటే" అంది ఆవిడ. నాకూ కాదనాలనిపించలేదు.

తోటను, నీటిని ట్రస్ట్ 1996లో తీసుకుంది. అప్పటికి నది పూడిపోయి రెల్లు గడ్డి అలుముకుని ఉంది. పూడిక తీశారు, చెట్లు తిరిగి నాటారు, చైనా పద్ధతి కొయ్య వంతెనను 2015లో కొత్తగా కట్టారు. ఒక్కదాన్ని మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. ఎస్టేటు పడమటి అంచును కోసుకుంటూ ఎం-5 రహదారి పోతోంది. దిబ్బ మీది బురుజు ఒకటి రహదారికి అవతల చిక్కుకుపోయింది. గాలి అటు నుంచి వీస్తే లారీల హోరు నది దాకా వినిపిస్తుంది. కంచెను దాచగలిగిన బ్రౌన్ ఈ చప్పుడును ఎలా దాచి ఉండేవాడో!

రాత్రికి దగ్గర్లోని పెర్షోర్‌లో ఉన్నాం. గదిలో కుక్కర్ లేదు, అమ్మాయి తెచ్చిన పులిహోరతో సరిపెట్టుకున్నాం.

ఆదివారం: బ్లెనమ్

కాట్స్‌వోల్డ్ పల్లెల మీదుగా ఉడ్‌స్టాక్ ఊరికి వచ్చాం. ఊరి చివర విజయ తోరణం, దాన్ని దాటగానే కొండ వాలు జారిపోతుంది. కింద సరస్సు, లంక, వంతెన, అవతల మేడ. విన్‌స్టన్ చర్చిల్ తండ్రి తన కొత్త పెళ్లికూతురిని మొదటిసారి ఈ ద్వారం గుండా తెచ్చి, ఇంగ్లండ్‌లో ఇంతకు మించిన దృశ్యం లేదన్నాడట. చర్చిల్ పుట్టింది ఈ మేడలోనే, 1874లో. అక్కడ గుమిగూడిన వారిలో సగం మంది అతని కోసం వచ్చినవారే. వారిని వారి దారిన పోనిచ్చి నేను వంతెన దగ్గరికి నడిచాను.

ఈ వంతెన కథ చెప్పుకోవలసినది. 1704లో బ్లెనమ్ యుద్ధం గెలిచిన మొదటి మార్ల్‌బరో డ్యూక్‌కు దేశం ఈ మేడ కానుకగా ఇచ్చింది. కట్టినవాడు వాన్‌బ్రూ. మేడకు తగిన వంతెన కావాలని, నడుమ కమాను నూరు అడుగుల పైచిలుకు, లోపల ముప్పై గదులకు పైగా ఉండేలా ఒక మహా కట్టడం లేపాడు. దాని కింద పారేది గ్లైమ్ అనే వాగు, పిల్లకాలువలా సాగేది. ఏనుగు పల్లకి కింద ఎలుక నడిచినట్టు ఉండేదని ఎగతాళి చేయడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు, కొలతలు చూస్తే చాలు. డ్యూక్ భార్య సారాకు, వాన్‌బ్రూకు ఖర్చుల మీద చెడి, చివరికి ఆమె అతన్ని ఎస్టేటులో అడుగు కూడా పెట్టనివ్వలేదు.

1764లో నాలుగో డ్యూక్ పిలిస్తే బ్రౌన్ వచ్చాడు. వంతెన వాగుకు మరీ పెద్దదైతే ఏం చేయాలి? వంతెనను ముట్టుకోలేదు, నీటి మట్టం పెంచాడు. దిగువన బ్లాడన్ వైపు, లోయ ఇరుకైన చోట కట్ట వేసి గ్లైమ్‌ను ఆపాడు. నీళ్లు వెనక్కి ఎక్కి, వంతెన కింది గదుల్లోకి చొరబడి, కమాను మొదళ్లను ముంచేశాయి. ఒక్క దెబ్బకు కట్టడం కొలతకు దిగింది. వాన్‌బ్రూ బతికి ఉంటే సంతోషించేవాడో, గదులు మునిగాయని ఏడ్చేవాడో.

నేను కోరినట్టే మేడ టికెట్లను, గదులను అమ్మాయికి వదిలేసి అల్లుడూ నేనూ కట్ట దాకా నడిచాం. దూరం ఉంది. మధ్యలో ఓక్ చెట్లు, వాటి కింద గొర్రెలు. బ్రౌన్ నాటే పద్ధతి ఇక్కడ బాగా తెలుస్తుంది: ఎస్టేటు సరిహద్దు వెంట దట్టమైన చెట్ల వరుస, లోపల విడివిడిగా గుంపులు. వరుస ఉండబట్టి బయటి ప్రపంచం కనబడదు, గుంపులు ఉండబట్టి ఎక్కడ నిలబడినా చూపు కాస్త ఆగి మళ్లీ సాగుతుంది. ఈ చెట్లు పూర్తిగా ఎదిగేసరికి నాటించినవాడూ లేడు, డబ్బు పెట్టినవాడూ లేడు. వాటిలో ఎల్మ్ జాతివి దాదాపు అన్నీ 1970ల తెగులుకు దేశమంతటా చచ్చిపోయాయి.

కట్ట చివర అలుగు. దీన్ని గ్రాండ్ కాస్కేడ్ అంటారు. పెద్ద పెద్ద బండరాళ్ల మీదుగా నీళ్లు విరుచుకుపడుతున్నాయి, కొండవాగు దూకినట్టు. కట్ట పైన నడిస్తే కట్ట అని తెలియదు. చెట్లు, పొదలు, మెలికలు తిరిగే బాట. మా మాన్యువల్ ప్రకారం కట్ట మీద చెట్లుండకూడదు, వేళ్లు పగులగొట్టి ఊట పుట్టిస్తాయి. అల్లుడికి ఆ కాలపు కట్టల లోపలి సంగతి చెప్పాను: గర్భంలో బంకమట్టిని తడిపి తొక్కించి గోడలా లేపుతారు, మా భాషలో హార్టింగు, దానికి రెండు వైపులా మామూలు మట్టి. గొర్రెల మందలనో పశువులనో నడిపించి తొక్కించడం మన ఊళ్లలోనూ ఉన్నదే. ఇక్కడ రెండున్నర శతాబ్దాలుగా నీళ్లు నిలబెట్టింది ఆ బంకమట్టే. సరస్సు ఎగువ భాగం, క్వీన్ పూల్ మాత్రం బాగా పూడిపోయి, ఈ మధ్య సంవత్సరాల్లో పెద్ద యెత్తున పూడిక తీయవలసి వచ్చింది. ఎంత గొప్పవాడు కట్టినా ఒండ్రు ఒండ్రే.

బ్రౌన్ పనిని అందరూ మెచ్చుకోలేదు. బ్లెనమ్‌లో మేడ ముందు గీత గీసినట్టు తీర్చిన పాత పూల మడులను దున్నేసి గడ్డి వేశాడు. వందల ఏళ్ల నాటి చెట్ల బాటలను ఎన్నో ఎస్టేట్లలో నరికించాడు. రిచర్డ్ ఓవెన్ కేంబ్రిడ్జ్ అనే కవి అతనితోనే అన్నాడట, నీకంటే ముందు నేను చచ్చిపోవాలి, నువ్వు బాగుచేయకముందే స్వర్గాన్ని చూడాలి అని. ఇరవయ్యో శతాబ్దంలో తొమ్మిదో డ్యూక్ ఫ్రెంచి తోటల రూపశిల్పి దుషేన్‌ను పిలిపించి మేడ పక్కన మళ్లీ ఫౌంటెన్లు, అల్లికల మడులు వేయించాడు. మా ఆవిడ, అమ్మాయి అక్కడే రెండు గంటలు కూర్చున్నారు. బ్రౌన్ పచ్చిక మీద కూర్చోవడానికి బల్ల కూడా లేదన్నది వారి ఫిర్యాదు. ఫిర్యాదులో న్యాయముంది.

సోమవారం: క్లేర్‌మాంట్

మిల్టన్ కీన్స్‌లో రాత్రి గడిపి పొద్దున్నే లండన్‌కు నైరుతి దిక్కుగా పోయాం. దారిలో హాంప్టన్ కోర్ట్ రాజభవనం. 1764లో బ్రౌన్ రాజుగారి తోటల అధికారి అయ్యాక కాపురం ఉన్నది ఇక్కడే. అతను 1768లో నాటిన ద్రాక్ష తీగ అద్దాల ఇంట్లో ఇంకా కాపు కాస్తోంది. మొదలు తాటిమానంత లావు. వేళ్లు బయటి నేలలో ఉన్నాయి, వాటి ఆహారంలో ఎవరూ వాటా అడగకుండా ఆ నేలలో గడ్డి పోచ కూడా మొలవనివ్వరు. సెప్టెంబరులో పళ్లు అమ్ముతారట, మాకు ఆ భాగ్యం లేదు. పావుగంటలో బయటపడ్డాం.

క్లేర్‌మాంట్ సర్రే జిల్లాలో ఈషర్ ఊరి పక్కనే ఉంది. సెలవు రోజు కావడంతో కారు పెట్టడానికి చోటు దొరకలేదు. సరస్సు చుట్టూ పిల్లలు, దుప్పట్లు, బంతులు. మిగతా మూడింటితో పోలిస్తే చిన్న తోట. ఇక్కడి పెద్ద వింత బ్రిడ్జ్‌మన్ చేసిన గడ్డి మెట్ల రంగస్థలం. మూడు ఎకరాల వాలును వంపులు వంపులుగా చెక్కి మెట్లు చేశాడు. కాలక్రమంలో చెట్లు, పొదలు కప్పేసి అది ఉన్నట్టే మరిచిపోతే, 1970లలో నేషనల్ ట్రస్ట్ తవ్వి తీసింది. పిల్లలు పై మెట్టు నుంచి దొర్లుకుంటూ కిందికి వస్తున్నారు. మా అల్లుడు కూడా దొర్లాడు, అది వేరే సంగతి.

నేను ఇక్కడికి వచ్చింది దాని కోసం కాదు. 1768లో న్యూకాజిల్ డ్యూక్ పోయాక ఈ ఎస్టేటును కొన్నవాడు రాబర్ట్ క్లైవ్. ప్లాసీ తర్వాత మీర్ జాఫర్ ఇచ్చిన సొమ్ము, ఏటేటా వచ్చే జాగీరు రాబడి పట్టుకుని బెంగాల్ నుంచి తిరిగివచ్చిన క్లైవ్. 1765లో షా ఆలం చక్రవర్తి చేత బెంగాల్ దివానీతోపాటు మన ఉత్తర సర్కార్లకు ఫర్మానా రాయించుకున్నవాడు కూడా ఇతనే. మరుసటి ఏడు నిజాంతో ఒప్పందం కుదిరి, శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి సర్కార్లు కంపెనీ చేతికి వెళ్లాయి. ఆ బేరంలో మధ్యవర్తి మన కాండ్రేగుల జోగిపంతులు. స్టోలో గుడి చూసినప్పుడు మొదలైన మాట ఇక్కడికి వచ్చి కూర్చుంది. అల్లుడు ఈసారి నవ్వలేదు.

క్లేర్‌మాంట్ పాత మేడ కూడా వాన్‌బ్రూ కట్టినదే. పల్లంలో ఉంది, చెమ్మ అని క్లైవ్ దాన్ని పడగొట్టించాడు. బ్రౌన్ తన కాబోయే అల్లుడు హెన్రీ హాలండ్‌ను కలుపుకుని ఎత్తు మీద కొత్త మేడ కట్టాడు. పోర్ట్స్‌మత్ రహదారి మేడకు మరీ దగ్గరగా పోతోందని దాన్ని కూడా దూరానికి మళ్లించారు. స్టోలో ఊరు, క్రూమ్‌లో చర్చి, ఇక్కడ రాజమార్గం. మేడ పని ఒక కొలిక్కి వచ్చేసరికి 1774 నవంబరులో క్లైవ్ లండన్‌లోని తన ఇంట్లో చనిపోయాడు. ఈ మేడ అతనికి అచ్చిరాలేదు. ఇప్పుడు అదీ బడే. గేటు ఇవతలి నుంచి స్తంభాల ముఖం మాత్రం కనిపిస్తుంది.

మెకాలే రాసిన సంగతి ఒకటి ఉంది. క్లైవ్ ఇంట్లో బ్రౌన్ ఒక పెట్టె చూశాడట. ఒకప్పుడు ముర్షిదాబాద్ ఖజానా బంగారంతో నిండి ఉండిన పెట్టె. పడకగదికి అంత దగ్గరలో ఆ పెట్టె పెట్టుకుని ఈ మనిషికి నిద్ర ఎలా పడుతోందని బ్రౌన్ విస్తుపోయాడట. చుట్టుపక్కల రైతులు కూడా, దయ్యం వచ్చి ఈ పాపిష్టి ప్రభువును ఎత్తుకుపోకుండా గోడలు అంత మందంగా కట్టించుకున్నాడని చెప్పుకునేవారట. మెకాలే చెప్పినదంతా నమ్మనక్కరలేదు గాని, సర్రే రైతులకు తట్టిన ఆ మాట మన దివానులకు తట్టలేదు.

ఇదంతా సరస్సు ఒడ్డున కూర్చుని చెబుతుంటే మా ఆవిడ మధ్యలో ఆపింది. "ఆ గోడలు కట్టింది బ్రౌనే కదండీ?"

"అవును, బ్రౌనే."

"పెట్టె చూశాక మానేశాడా?"

మానలేదు. క్లైవ్ పని పూర్తి చేసి, ఆ తర్వాత కూడా చనిపోయేదాకా దొరల ఎస్టేట్లు చేశాడు. కేంబ్రిడ్జ్ దగ్గర ఫెన్‌స్టాంటన్‌లో తనూ ఒక జమీ అంతకుముందే కొనుక్కున్నాడు. 1783 ఫిబ్రవరిలో లండన్‌లో కూతురి ఇంటి ముందు కుప్పకూలి పోయాడు. సమాధి ఫెన్‌స్టాంటన్‌లో ఉంది. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏ ప్రభుత్వం పని చెప్పినా చేశాను కనుక బ్రౌన్ తరఫున కొంత వాదించాను. జీతగాడు యజమాని పెట్టెలు తెరిచి చూస్తూ కూర్చుంటే చెరువులు లేవవన్నాను. "బ్రౌన్ జీతగాడు కాదు నాన్నా, కాంట్రాక్టరు" అంది అమ్మాయి. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. సరస్సు అలుగు ఎక్కడుందో చూసి వస్తానని లేచాను. అది చెట్ల వెనుక, పిల్లలు కాగితపు పడవలు వదులుతున్న చోట ఉంది.